రెండో సీటు బరువు

నేమునాస్ నది మలుపులో మా గడ్డి రన్‌వే.
షెడ్డులో ఒక పాత కాటా ఉంది,
సమష్టి వ్యవసాయం రోజుల్లో బంగాళాదుంపలు తూచినది.
విమానం కొనడానికి ఎవరొచ్చినా
ముందు దాని మీదికి ఎక్కిస్తాను.
రంగు తర్వాత, రేటు తర్వాత.
గాలిలో మేడలకు తూకం అక్కర్లేదు,
గాలిలో మనుషులకు కావాలి.

ఏప్రిల్‌లో, మంచు ఇంకా కంచె నీడలో నక్కి ఉండగా
ఇద్దరొచ్చారు.
స్కిర్మాంతె, మందుల షాపు నడుపుతుంది, యాభై ఒకటి.
ఆమె అన్న గింతౌతాస్, పోలండ్ మీదుగా లారీలు తోలినవాడు.
ఇద్దరి డబ్బూ కలిపితే ఒక విమానం.
ఆమెకు నేర్చుకోవాలి.
అతనికి వెళ్ళాలి,
సముద్రం దాకా, నిదా ఇసుక తిన్నెల దాకా,
కట్టెపొగలో కాల్చిన చేప తిని
చీకటి పడేలోగా ఇంటికి.

"నీ బరువు?"
"తొంభై," అన్నాడు పొట్ట లోపలికి లాక్కుని.
నూట నాలుగంది కాటా.
దానికి మొహమాటం లేదు.
చెల్లెలు పగలబడి నవ్వింది,
తన వంతు రాగానే బూట్లు విప్పింది.
"బూట్లతోనేగా ఎగిరేది" అన్నాను. మళ్ళీ తొడుక్కుంది.
అరవై మూడు.

మొదటిది కొత్తది, తెల్లది,
కోడిగుడ్డు పెంకులా నున్నగా.
అతని చెయ్యి దాని ముక్కు మీదే ఉండిపోయింది.
గంటకు రెండు వందల పది కిలోమీటర్లు మరి!
సుద్దముక్కతో షెడ్డు తలుపు మీద లెక్క వేశాను:
మోయగలిగేది ఆరు వందలు, తన ఒళ్ళే మూడు వందల ఎనభై ఐదు,
మీరిద్దరూ నూట అరవై ఏడు.
మిగిలింది నలభై ఎనిమిది.
అందులోనే పెట్రోలు, అందులోనే సంచీ,
అందులోనే అమ్మా, నీ చేతిలోని ఆ గొడుగు.
ట్యాంకు నిండా పోస్తే
మీలో ఒకరు ఇక్కడే దిగిపోవాలి.

రెండోది గుడ్డ కప్పిన పసుపుది, తోకచక్రం,
సీట్లు ఒకదాని వెనక ఒకటి.
అందమైనదే, ఒప్పుకుంటాను. పక్కగాలి వీస్తే పెంకిఘటం.
వెనక కూర్చున్న గురువుకు
శిష్యురాలి మెడ మాత్రమే కనిపిస్తుంది.
భయం ముందు మొహంలోకి వస్తుంది,
మెడ దాకా రావడానికి టైము పడుతుంది.
అంత టైము నేల ఇవ్వదు.

మూడోది నలభై రెండేళ్ళ రేకు విమానం.
రెక్క తలపైన, సీట్లు భుజం భుజం రాసుకునేలా.
ముక్కుచక్రం ఫోర్కు నేనే మూడుసార్లు మార్చాను,
ఎంతమంది దాన్ని నేలకేసి కొట్టి నేర్చుకున్నారో!
డ్యాష్‌బోర్డు అంచున ఎవరివో గోళ్ళు దిగిన గాట్లు.
తలుపు సందులోంచి వాన వస్తుంది.
దీంట్లో నిదా చేరేసరికి చేపల కొట్టు మూసేస్తారు.
ఏదీ దాచలేదు, అన్నీ చెప్పాను.
అన్న తెల్లదాని వైపే చూస్తున్నాడు.

అప్పుడు అడిగింది ఆమె,
మందు మోతాదు అడిగినంత మామూలుగా:
"పక్క సీటు ఖాళీగా ఉన్నప్పుడు
వీటిలో ఏది బాగా ఎగురుతుంది?"

గింతౌతాస్ తల తిప్పాడు.
చలికాలమంతా ఆ సీటులో
తననే కూర్చోబెట్టుకుని కలగన్నాడు,
మోకాళ్ళ మీద మ్యాపు, ఫ్లాస్కు, ఒళ్ళో రై రొట్టె.
ఆ సీటుకు ఖాళీ అనే రోజు ఒకటుంటుందని
అతనికెవరూ చెప్పలేదు.

నేను ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను ఆ రోజుని.
గురువు దిగి తలుపు వేస్తాడు.
ఎనభై కిలోలు తగ్గిన విమానం
అనుకున్నదానికంటే ముందే నేల వదిలేస్తుంది.
నడిపేవాళ్ళు ఉలిక్కిపడతారు, ఇంత తేలికా అని.

"రేకుది," అన్నాను.
"తప్పు చేస్తే కాస్త ఓర్చుకుంటుంది."

బేరం అన్నే ఆడాడు, లారీవాడి బేరం.
టైరు ఒకటి, పాత హెడ్‌ఫోన్లు రెండు
కొసరు పట్టుకుపోయాడు.

ఆగస్టులో ఆమె ఒంటరిగా మూడు చుట్లు తిరిగింది.
రెండోసారి దిగేటప్పుడు కాస్త గెంతింది, ఫోర్కు బాగానే ఉంది.
అతను కంచె పట్టుకుని ఒక్కో చుట్టూ లెక్కపెట్టాడు.
తర్వాత, ఎవరూ పిలవకుండానే, షెడ్డులోకి వచ్చి
బూట్లతోనే కాటా ఎక్కాడు.
తొంభై ఎనిమిది.

తలుపు మీద నా సుద్ద లెక్క ఇంకా ఉంది.
దాని పక్కన తన చేత్తో రాసుకున్నాడు: ఆరు కిలోలు.
కాసేపాగి,
కింద ఇంకో మాట: చేప.